మొదటి రోజు కాపలా

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని మాల్ట్ అంటారు. దాన్ని మరపట్టి వేడినీళ్లలో గంటసేపు ఉంచితే గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. ఆ నీటిని వడకట్టి, హాప్స్ పూలు వేసి మరో గంట మరిగిస్తే తీపీ చేదూ కలిసిన కషాయం వస్తుంది. దీన్ని వర్ట్ అంటారు. ఇందులో ఈస్టు పడి పులిస్తే బీరు అవుతుంది. ఇంకేదైనా ముందుగా పడి పులిస్తే పారబోయాల్సిన ఇరవై లీటర్ల పుల్లనీళ్లవుతుంది.

మరుగుతున్నంతసేపూ వర్ట్‌కి ఏ భయమూ లేదు. గంట మరుగుకి ఈస్టులూ, మామూలు బ్యాక్టీరియా అన్నీ చస్తాయి. చల్లారడంతోనే చిక్కు మొదలవుతుంది. ఈస్టు మరిగే నీళ్లలో బతకదు కాబట్టి వర్ట్‌ని 20 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి దించక తప్పదు. అలా దించాక ఆ పాత్రలో చక్కెరలున్నాయి, అమైనో ఆమ్లాలున్నాయి, ఖనిజాలున్నాయి, కలియబెట్టినప్పుడు కరిగిన ఆక్సిజన్ ఉంది, హాయైన వెచ్చదనం ఉంది. ఇంత విందు పరిచి, ఈస్టు ఒక్కటే వచ్చి తినాలని కోరుకుంటున్నాం. గాలిలో, చేతుల మీద, గరిటె కాడలో, బట్టల దుమ్ములో ఉన్న లక్షలాది జీవులకు ఆ పిలుపు అందదని ఎలా అనుకోగలం?

ఇంట్లో బీరు కాయడం మొదలుపెట్టినవాళ్లు ఇక్కడే బెంబేలెత్తుతారు. వంటింటిని ఆపరేషన్ థియేటర్‌లా మార్చాలేమోనని భయపడతారు. అది ఎవరి తరమూ కాదు, అవసరమూ లేదు. బీరుని చివరిదాకా కాపాడేది ఈస్టే. అది ఆ పాత్రని తన సొంతం చేసుకునేదాకా, అంటే దాదాపు ఒక రోజు, కాపలా కాయడం మనిషి పని. ఆ ఒక్క రోజులో ఏం జరుగుతుందో తెలిస్తే ఎక్కడ పట్టుగా ఉండాలో, ఎక్కడ నిశ్చింతగా ఉండవచ్చో తెలుస్తుంది. ఈ తెలివిడి మనుషులకు వచ్చి నూటయాభై ఏళ్లే అయింది. అది ఎలా వచ్చిందో ముందు చూద్దాం.

పాశ్చర్ చూసినది

1856లో ఫ్రాన్సులోని లీల్ నగరంలో బీట్‌దుంపల నుంచి ఆల్కహాలు తీసే బిగో అనే వ్యాపారి, తన కొడుక్కి పాఠాలు చెప్పే రసాయనశాస్త్ర ఆచార్యుడి దగ్గరికి వచ్చాడు. తొట్లలో కొన్ని బాగా పులుస్తున్నాయి, కొన్ని పుల్లగా పాడవుతున్నాయి, కారణం తెలియడం లేదన్నాడు. ఆ ఆచార్యుడు లూయీ పాశ్చర్. ఆయన తొట్ల నుంచి చుక్కలు తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టాడు. బాగున్న తొట్టి చుక్కలో గుండ్రటి ఈస్టు కణాలున్నాయి. పాడైన తొట్టి చుక్కలో వాటికంటే ఎంతో చిన్నవైన కడ్డీల్లాంటి జీవులున్నాయి. పులియడం ప్రాణమున్న జీవుల పని అనీ, ఒక్కో రకం పులుపుకీ ఒక్కో రకం జీవి కారణమనీ ఆయన అక్కడి నుంచి తేల్చుకుంటూ వెళ్లాడు. పాలు విరిచే లాక్టిక్ ఆమ్లం గురించి మరుసటి ఏడాదే పత్రం ప్రచురించాడు.

బీరు మీదకి పాశ్చర్ దృష్టి మళ్లింది 1871లో. ప్రష్యాతో యుద్ధంలో ఫ్రాన్సు ఓడిపోయిన ఏడాది అది. జర్మన్ బీరుని మించిన బీరు ఫ్రాన్సులో తయారుకావాలని ఆయన పట్టుబట్టాడు. అదే ఏడాది సెప్టెంబరులో లండన్ వెళ్లి విట్‌బ్రెడ్ బ్రూవరీ చూశాడు. అక్కడ పోర్టర్ అనే నల్లబీరు తొట్టి నుంచి కాస్త ఈస్టు తీసి మైక్రోస్కోపులో చూసి, ఇది బాగోలేదని అక్కడికక్కడే చెప్పాడు. రుచి చూడలేదు, వాసన చూడలేదు. ఈస్టు కణాల మధ్య తిరుగుతున్న పరాయి జీవుల్ని చూశాడంతే. ఆ పోర్టర్ మీద ఫిర్యాదులు వస్తున్న మాట నిజమేనని యాజమాన్యం ఒప్పుకుంది. వారం తర్వాత ఆయన మళ్లీ వెళ్లేసరికి బ్రూవరీవాళ్లు మైక్రోస్కోపు కొని ఉంచారు.

1876లో వెలువడిన బీరు గ్రంథంలో పాశ్చర్ చెప్పినదాని సారం ఇది: బీరుకి వచ్చే ప్రతి జబ్బుకీ ఒక సూక్ష్మజీవి ఉంది, అది బయటి నుంచి వచ్చింది, రానివ్వకపోతే జబ్బు లేదు. దీంతో సమస్య తీరిపోయినట్టే అనిపించింది. కానీ ఆయన లెక్కలోకి రాని శత్రువు ఒకటి మిగిలి ఉంది. దాన్ని పట్టుకున్నది డెన్మార్క్‌లో.

ఒక్క కణం నుంచి

కోపెన్‌హేగన్‌లో కార్ల్స్‌బర్గ్ బ్రూవరీని జె.సి. యాకోబ్సన్ 1847లో స్థాపించాడు. 1875లో దానికి ఒక ప్రయోగశాల కట్టించాడు. అక్కడ శరీరధర్మ విభాగం అధిపతిగా చేరిన ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ పేదింట పుట్టినవాడు. ఇళ్లకు రంగులు వేశాడు, నవలలు రాసి ఆ డబ్బుతో చదువుకున్నాడు. 1880ల మొదట్లో కార్ల్స్‌బర్గ్ బీరుకి చేదెక్కే జబ్బు పట్టుకుంది. తొట్టిలో బ్యాక్టీరియా పెద్దగా కనబడలేదు. పాశ్చర్ సూత్రం ప్రకారం చూస్తే ఆ బీరు శుభ్రంగానే ఉంది.

ఈస్టు అని మనం పిలుస్తున్నది ఒక జాతి కాదేమో, అందులోనే మంచివీ చెడ్డవీ కలిసి ఉన్నాయేమో అని హాన్సెన్ అనుమానించాడు. ఈస్టుని నీటిలో పలచన చేసుకుంటూ పోయి, చివరికి రెండు చుక్కల్లో ఒకదానిలో ఒక్క కణం ఉండేటంతగా పలచన చేశాడు. ఆ చుక్కల్ని వర్ట్ ఉన్న బుడ్డీల్లో వేసి, గట్టిగా కుదిపి, కదల్చకుండా వదిలేశాడు. కొన్నాళ్లకు కొన్ని బుడ్డీల గోడ మీద తెల్లటి మచ్చ ఒక్కటే కనబడింది. ఒక్క మచ్చ ఉందంటే అది ఒక్క కణం సంతానమన్నమాట. ఇలా కార్ల్స్‌బర్గ్ ఈస్టు నుంచి వేర్వేరు రకాల్ని విడదీసి, ఒక్కోదానితో విడివిడిగా బీరు చేయించాడు. ఒకటి మంచి బీరిచ్చింది. మరొకటి సరిగ్గా ఆ చేదు జబ్బునే తెచ్చింది. తోటలోంచో గాలిలోంచో చేరిన అడవి ఈస్టు అది. ఒక్క కణం నుంచి పెంచిన మంచి ఈస్టుని 1883 నవంబరు 12న కార్ల్స్‌బర్గ్ తొట్లలో వాడారు. యాకోబ్సన్ ఆ ఈస్టుని రహస్యంగా దాచుకోలేదు, అడిగిన బ్రూవరీలకు ఇచ్చాడు.

ఇవాళ ఇంట్లో బీరు కాచేవాళ్లు చించి వాడే ఈస్టు ప్యాకెట్ హాన్సెన్ పని నుంచి వచ్చిందే. అది మన చేతికి అందేసరికే యుద్ధంలో సగం గెలిచినట్టు. శుద్ధమైన ఈస్టు దొరకడం పాశ్చర్ కాలంలో కలలో మాట. ఇప్పుడు మిగిలిన సగం గెలవడానికి కాస్త లెక్క తెలియాలి.

అరగంటల లెక్క

చల్లారిన వర్ట్‌లో ఏదో ఒక బ్యాక్టీరియా మిల్లీలీటరుకి ఒకటి చొప్పున పడిందనుకుందాం. వర్ట్ దానికి బాగా నచ్చి, అరగంటకోసారి రెట్టింపవుతోందనుకుందాం. అయిదు గంటలకు పది రెట్టింపులవుతాయి. ఒకటి కాస్తా 1,024 అవుతుంది. పది గంటలకు ఇరవై రెట్టింపులు. అంటే మిల్లీలీటరుకి 10,48,576. ఒక్కటిగా మొదలైనది రాత్రి పడుకుని పొద్దున లేచేసరికి పది లక్షలు దాటింది.

ఇప్పుడు ఈస్టు వైపు చూద్దాం. మామూలుగా దొరికే 11 గ్రాముల పొడి ఈస్టు ప్యాకెట్‌లో గ్రాముకి కనీసం 600 కోట్ల ప్రాణమున్న కణాలు ఉంటాయని తయారీదారులు చెబుతారు. ప్యాకెట్ మొత్తంలో 6,600 కోట్లు. ఇరవై లీటర్లకు పంచితే మిల్లీలీటరుకి 33 లక్షలు. మొదటి నిమిషంలోనే ఒకటికి 33 లక్షల బలగం మనది. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తుండుగుడ్డలు వేసి సీట్లన్నీ పట్టేసినట్టు, ఈస్టు అంత మందితో ఒక్కసారిగా దిగితే వెనకొచ్చినవాళ్లకు చోటుండదు.

ఈ లెక్కలో అసలు కిటుకు ఒకటుంది. పాత్రని బాగా క్రిమిశుద్ధి చేసి బ్యాక్టీరియాని వెయ్యికి ఒకటి చొప్పున తగ్గించామనుకోండి. ఎంత లాభం? వెయ్యి రెట్లంటే పది రెట్టింపులు, పది రెట్టింపులంటే అయిదు గంటలు. మన చాకిరీ అంతా అయిదు గంటల వ్యవధి కొనిపెట్టిందన్నమాట. అది చిన్న లాభమేమీ కాదు. కానీ ఈస్టు పాతబడి, సగం చచ్చి, నిద్ర లేవడానికి అయిదు గంటలు ఆలస్యం చేస్తే ఆ లాభమంతా పోయినట్టే. శుభ్రతా వేగమూ ఒకే లెక్కలో రెండు పద్దులు. ఒకదాంట్లో కూడబెట్టింది ఇంకోదాంట్లో పోగొట్టుకోకూడదు.

ఈస్టు కణాల్ని లెక్కపెట్టడం మీద బ్రూవరీలకు ఉన్న శ్రద్ధ గణితశాస్త్రానికి కూడా మేలు చేసింది. డబ్లిన్‌లోని గిన్నిస్ బ్రూవరీలో పనిచేసిన విలియం గాసెట్, గళ్లు గీసిన గాజుపలక మీద ఈస్టు కణాల్ని లెక్కించేటప్పుడు ఎంత పొరపాటుకి అవకాశం ఉంటుందో వివరిస్తూ 1907లో పత్రం రాశాడు. ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో ఆయన రాసినవి ఇవాళ గణాంకశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ నేర్చుకుంటున్నాడు.

ఈస్టు కట్టే కోట

ఈస్టు చోటు పట్టాక ఊరికే కూర్చోదు. ముందు కరిగి ఉన్న ఆక్సిజన్‌ని కొన్ని గంటల్లో వాడేస్తుంది. దాంతో ఆక్సిజన్ లేనిదే పెరగని వెనిగర్ బ్యాక్టీరియా ఆశ ఆవిరైపోతుంది. ఈస్టుకి తన కణపొరలు కట్టుకోవడానికి మొదట్లో ఆక్సిజన్ కావాలి కాబట్టే, ఈస్టు వేసే సమయంలో వర్ట్‌ని బాగా కుదిపి గాలి కలుపుతారు. ఆ తర్వాత మళ్లీ గాలి తగలనివ్వరు. ఒకే గాలి మొదటి గంటలో మందు, మూడో రోజున విషం.

తర్వాత ఈస్టు ఆమ్లాలు వదులుతుంది. వర్ట్ పీహెచ్ 5.2 దగ్గర మొదలై బీరయ్యేసరికి 4.3 దగ్గరికి దిగుతుంది. అంకెల్లో ఒకటి కూడా తగ్గలేదనిపిస్తుంది గానీ ఆమ్లగుణం దాదాపు ఎనిమిది రెట్లు పెరిగినట్టు. ఈ పీహెచ్ కొలమానాన్ని 1909లో సోరెన్‌సెన్ ప్రతిపాదించింది కూడా కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలోనే. ఇటు ఆల్కహాలు నూటికి అయిదు పాళ్ల దాకా చేరుతుంది. కార్బన్ డయాక్సైడ్ వర్ట్ పైన పరుచుకుని గాలిని పైకి నెడుతుంది. సులువుగా తినగలిగే చక్కెరలన్నీ అయిపోతాయి. వీటికి తోడు మరుగులో హాప్స్ నుంచి దిగిన చేదు ఆమ్లాలు ఒక రకం బ్యాక్టీరియా కణపొరల్లో దూరి, లోపలికీ బయటికీ మధ్య అవి నిలుపుకోవాల్సిన ఆమ్ల వ్యత్యాసాన్ని చెదరగొడతాయి. కణానికి శక్తి చాలక పెరుగుదల ఆగిపోతుంది.

ఇన్ని అడ్డంకులున్న ద్రవంలో మనిషికి జబ్బు చేసే క్రిములు పెరగలేవు. పూర్తిగా పులిసిన మామూలు బీరు చెడిపోతే నోటికి అసహ్యంగా ఉంటుంది గానీ సాధారణంగా ప్రాణం మీదికి తేదు. ఈ రక్షణ బీరుకే గానీ వర్ట్‌కి లేదు. మరుగుని తట్టుకునే సిద్ధబీజాలు కొన్ని ఉంటాయి. ప్రాణాంతక విషం చేసే బొటులినమ్ బ్యాక్టీరియా పీహెచ్ 4.6కి పైన ఉన్న, గాలి చొరని ద్రవంలో పెరగగలదు. వర్ట్ పీహెచ్ దానికి పైనే ఉంటుంది. అందుకే ఈస్టు వేయని వర్ట్‌ని మూతపెట్టి రోజుల తరబడి గది వేడిలో ఉంచడం మంచిది కాదు.

కోటని దాటగలిగే శత్రువులు కొన్నే. వాటిలో మొదటివి లాక్టోబాసిల్లస్, పీడియోకాకస్ అనే లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా. వీటిలో కొన్ని రకాలు హాప్స్ చేదుని కణం బయటికి తోడిపోసే పంపుల్ని సంపాదించుకున్నాయి. ఆ పంపులకు కావలసిన జన్యువుల్ని ఒకదాని నుంచి ఒకటి అందుకుంటాయి కూడా. పీడియోకాకస్ పడితే బీరుకి వెన్న వాసన పట్టి, ఒక్కోసారి పాకంలా తీగ సాగుతుంది. రెండోది అడవి ఈస్టు. అది కూడా ఈస్టే కాబట్టి ఆల్కహాలు, ఆమ్లం, చేదు దాన్ని ఏమీ చేయవు. కొన్ని లవంగం వాసన తెస్తాయి. డయాస్టాటికస్ అనే రకం ఇంకా ప్రమాదం. మామూలు ఈస్టు తినలేక వదిలేసిన పెద్ద చక్కెర గొలుసుల్ని అది ముక్కలు చేసి తింటుంది. సీసాల్లోకి నింపాక కూడా తింటూనే ఉంటుంది. లీటరు బీరులో 4 గ్రాముల చక్కెర పులిస్తే సుమారు ఒక లీటరు కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. మామూలు బీరులో లీటరుకి రెండున్నర లీటర్ల వాయువు కరిగి ఉంటుంది. ఇంకో 12 గ్రాములు అనుకోకుండా పులిస్తే మరో మూడు లీటర్లు చేరి, గాజు సీసా పేలిపోయే స్థితి వస్తుంది.

కుళాయి విప్పి చూడండి

ఇప్పుడు పనిలోకి వద్దాం. కడగడం వేరు, క్రిమిశుద్ధి వేరు. మొదటిది మురికిని తీస్తుంది, రెండోది మిగిలిన జీవుల్ని చంపుతుంది. ఈ వరస తిరగబడకూడదు. ఎండిన నురగ పొర కింద దాక్కున్న బ్యాక్టీరియాకి క్రిమిసంహారకం తగలనే తగలదు.

మురికి ఎక్కడుంటుందో చూడాలంటే పులియబెట్టే ప్లాస్టిక్ డబ్బా అడుగున ఉన్న కుళాయిని విప్పండి. బయటికి తళతళలాడుతూ ఉంటుంది. పిడిని గట్టిగా పైకి లాగితే లోపలి గొట్టం ఊడివస్తుంది. దాని చుట్టూ, నీళ్లు పోసి కడిగితే చేరని సందులో, గోధుమరంగు జిగురు ఉంగరంలా అంటుకుని ఉంటుంది. గోటితో గీరితే వస్తుంది. వెనక్కి తిప్పి మర చుట్లు చూడండి, రబ్బరు వాషర్ తీసి దాని కింద చూడండి, అక్కడా అదే. పోయినసారి బీరులోని ప్రొటీన్లు, హాప్స్ జిగురు, చచ్చిన ఈస్టు కలిసి కట్టిన గూడు అది. బ్యాక్టీరియా పొడవు మిల్లీమీటరులో సుమారు వెయ్యోవంతు. మిల్లీమీటరులో పదోవంతు వెడల్పున్న గీతలో అవి వంద పక్కపక్కన పట్టేస్తాయి. కాబట్టి డబ్బాని పీచుతో రుద్దకూడదు. మెత్తటి గుడ్డ వాడాలి. గీతలు పడిన డబ్బాని, పాతబడిన రబ్బరు గొట్టాల్ని మార్చేయాలి.

ప్రొటీన్ మురికి వదలాలంటే సోడియం పెర్‌కార్బొనేట్ కలిపిన వేడినీళ్లలో నానబెట్టడం మేలు. ఆ తర్వాత క్రిమిశుద్ధికి బ్రూవర్లు ఎక్కువగా వాడేవి రెండు: అయొడోఫర్, ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేసిన నురగ ద్రావణం. అయొడోఫర్‌ని పది లక్షల పాళ్లకు 12.5 పాళ్ల అయొడిన్ ఉండేలా కలిపితే కడగకుండా ఆరబెట్టి వాడుకోవచ్చు. ఆమ్ల ద్రావణం పీహెచ్ 3కి దిగువన ఉన్నంతవరకే పనిచేస్తుంది. కఠిన జలంతో కలిపితే త్వరగా మసకబారి పనికిరాకుండా పోతుంది. బ్లీచింగ్ ద్రావణం కూడా క్రిముల్ని చంపుతుంది గానీ దాని క్లోరిన్ మిగిలిపోతే మాల్ట్‌లోని ఫినాల్‌లతో కలిసి బీరుకి ఆసుపత్రి వాసన తెస్తుంది. బ్లీచ్‌ని ఆమ్లంతో మాత్రం ఎప్పుడూ కలపవద్దు. క్లోరిన్ వాయువు వెలువడి ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది. ఏది వాడినా సీసా మీద రాసినంతసేపు తడి తగిలి ఉండాలి.

ఇంత జాగ్రత్త ఎక్కడ కావాలో, ఎక్కడ అక్కర్లేదో గుర్తుంచుకుంటే సగం శ్రమ తగ్గుతుంది. మరుగు కంటే ముందు వాడే పాత్రలు శుభ్రంగా ఉంటే చాలు. మరుగు ఆగాక వర్ట్‌కి తగిలే ప్రతిదీ క్రిమిశుద్ధి కావాలి: గొట్టం, గరాటు, థర్మామీటరు, ఈస్టు ప్యాకెట్ కత్తిరించే కత్తెర కూడా. వర్ట్‌ని చల్లార్చే రాగి చుట్టని మరుగు ఆఖరి పావుగంటలో పాత్రలో ముంచి ఉంచితే మరుగే దాని సంగతి చూసుకుంటుంది. చల్లార్చడం ఎంత త్వరగా అయితే అంత మంచిది. మూత తీసి ఉంచినంతసేపూ దుమ్ము పడుతూనే ఉంటుంది.

దుమ్ముల్లో అన్నిటికంటే చెడ్డది మాల్ట్ మరపట్టినప్పుడు లేచే దుమ్ము. బార్లీ పొట్టు మీద లాక్టిక్ బ్యాక్టీరియా గుంపులుగా ఉంటాయి. వర్ట్ చల్లార్చే గదిలోనే మాల్ట్ మరపడితే, ఏ శత్రువుకి దూరంగా ఉండాలో దాన్నే గాలిలో చల్లినట్టవుతుంది. మర వేరే గదిలోనో ఆరుబయటో ఆడించాలి. పండ్ల చుట్టూ ముసిరే చిన్న ఈగలు కాళ్లకు వెనిగర్ బ్యాక్టీరియా అంటించుకుని తిరుగుతాయి. పండ్లబుట్ట కూడా దూరంగా ఉండాలి.

వేశాక ముట్టుకోవద్దు

ఈస్టు వేసి మూత బిగించి ఎయిర్‌లాక్ పెడతారు. వంకర గొట్టంలో కాస్త ద్రవం నిలిచి ఉండే చిన్న పరికరం అది. లోపలి వాయువు బుడగలై బయటికి పోగలదు, బయటి గాలి లోపలికి రాలేదు. వాతావరణం చల్లబడినప్పుడు లోపలి వాయువు కుంచించుకుని ఆ ద్రవాన్ని బీరులోకి పీల్చుకునే అవకాశం ఉంది. అందుకే అందులో మామూలు నీళ్లకు బదులు వోడ్కా గానీ క్రిమిసంహారక ద్రావణం గానీ పోస్తారు.

ఆరోగ్యంగా ఉన్న ఈస్టు సాయంత్రం వేస్తే మర్నాటికల్లా పని కనబడుతుంది. ముందు అంచుల వెంట తెల్లటి నురగ దీవులు తేలతాయి. అవి కలిసి తెట్టుకట్టి, హాప్స్ జిగురు వల్ల పైన గోధుమరంగు మరకలు పడి, మూడు నాలుగు అంగుళాల మందాన నురగ లేస్తుంది. చూడటానికి బురదలా ఉంటుంది. కొత్తవాళ్లు బీరు పాడైందనుకుని పారబోసేది తరచు ఈ నురగని చూసే. పులియడం అయిపోయాక ఆ నురగ తనంతట తాను కిందికి దిగుతుంది. గంధకం వాసన వచ్చి పోవడం కూడా చాలా ఈస్టులకు మామూలే.

నిజంగా చెడిందనడానికి గుర్తులు వేరు. నురగ దిగిపోయిన వారాల తర్వాత తెల్లటి పలచని పొర ఏర్పడి, ముడతలు పడి, కింద బుడగలు చిక్కుకుని కనబడితే అది అడవి ఈస్టు గానీ బ్యాక్టీరియా గానీ కట్టిన పొర. ముక్కుకి గుచ్చే వెనిగర్ వాసన వస్తే గాలి దూరిందని అర్థం. సాంద్రత పడిపోవాల్సిన దానికంటే దిగువకి జారుతూనే ఉంటే డయాస్టాటికస్‌ని అనుమానించి, సీసాల్లోకి నింపకుండా ఆగాలి. సాంద్రత చూడటానికి తీసిన నమూనాని తిరిగి డబ్బాలో పోయకూడదు. మూత తీసిన ప్రతిసారీ కార్బన్ డయాక్సైడ్ కప్పు చెదిరి గాలి చొరబడుతుంది. కాబట్టి ఆత్రం ఎంత ఉన్నా మొదటి వారం మూత జోలికి పోకపోవడమే ఈస్టుకి మనం చేసే సాయం.

అందరినీ రమ్మన్నవాళ్లు

కావాలని తలుపులు తెరిచినవాళ్లు కూడా ఉన్నారు. బెల్జియంలో బ్రస్సెల్స్ చుట్టుపక్కల లాంబిక్ అనే బీరు చేస్తారు. మరిగిన వర్ట్‌ని వెడల్పైన లోతులేని తొట్టిలో పోసి రాత్రంతా గాలికి వదిలేస్తారు. ఈస్టు వేయరు. చెడ్డ బ్యాక్టీరియా ఎక్కువగా ఉండే వేసవిలో ఈ పని మానేసి, అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకానే చేస్తారు. మొదటి వారాల్లో పేగు బ్యాక్టీరియా కుటుంబానికి చెందినవి విజృంభిస్తాయి. తర్వాత బీరు ఈస్టు వాటిని అణిచేస్తుంది. నెలల తర్వాత పీడియోకాకస్ వంతు వస్తుంది. అది తెచ్చిన వెన్న వాసననీ తీగనీ బ్రెటనోమైసిస్ అనే ఈస్టు నెమ్మదిగా తినేస్తుంది. ఒకరి తర్వాత ఒకరుగా ఇందరు వచ్చిపోయి బీరు కుదురుకోవడానికి ఒకటి నుంచి మూడేళ్లు పడుతుంది. ఇంటి బీరుకి పరమ శత్రువులైనవే అక్కడ పనివాళ్లు. వాటి వంతులు వాటికి తెలిసేటంత ఓపిక ఆ ఊళ్లకు ఉంది.

మన తాడిచెట్టు మీద జరిగేది ఇంకా వేగమైన కథ. గెల కొన చెక్కి లొట్టి కట్టిన క్షణం నుంచి తీపి రసంలో ఈస్టులు, లాక్టిక్ బ్యాక్టీరియా, ఆల్కహాలు చేసే జైమోమొనాస్ అనే బ్యాక్టీరియా ఒకేసారి దిగుతాయి. మరుగు లేదు, హాప్స్ లేదు, ముందుగా చోటు పట్టిన ఈస్టు బలగమూ లేదు. పొద్దున తియ్యగా ఉన్న కల్లు సాయంత్రానికి పులిసి ఘాటెక్కుతుంది. ఆ తర్వాత వెనిగర్ బ్యాక్టీరియా చేతికి పోతుంది. ఈ పరుగుని ఆపడం గీత కార్మికులకు తెలుసు. పులియని నీరా కావాలంటే లొట్టి లోపల సున్నం పూస్తారు. సున్నం రసాన్ని క్షారగుణం వైపు నెట్టి, ఏ జీవినీ పుంజుకోనివ్వదు. బీరులో ఈస్టు ఆమ్లంతో చేసే కాపలాని, నీరాలో గీత కార్మికుడు క్షారంతో చేస్తున్నాడు.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడం తెలుగు రాష్ట్రాల్లో ఎక్సైజు చట్టం కింద నేరం. బ్రిటన్‌లో 1963లో ఇంటి బీరుకి లైసెన్సు అక్కర్లేదన్నారు. అమెరికాలో 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం ఇంట్లో తాగడానికి చేసుకునే బీరు మీద పన్ను ఎత్తేసింది. ఇంటి బీరు విద్యని ఇంతమంది ఇంత లోతుగా సాధన చేయగలిగింది అక్కడ. ఆ దేశాల్లో స్థిరపడి ఈ పనిలోకి దిగుతున్న తెలుగువాళ్లకు ఈ అధ్యాయం పనికిరావాలని నా కోరిక. కాయనివాళ్లకు కూడా ఇందులోని సూత్రం పరాయిదేమీ కాదు. ఒక చోట మంచి జీవులు ముందుగా, గుంపుగా, ఆరోగ్యంగా కుదురుకుంటే చెడ్డవి నిలవలేకపోవడం మన పేగుల్లోనూ పొలం మట్టిలోనూ జరుగుతున్నదే.

అందుచేత బీరు కాయబోయేవాళ్లు డబ్బునీ శ్రద్ధనీ ఏ వరసలో ఖర్చుపెట్టాలో తేల్చి చెప్పవచ్చు. అన్నిటికంటే ముందు తాజా ఈస్టు, తయారైన తేదీ చూసి, చాలినంత. తర్వాత కుళాయిలు విప్పి కడిగే ఓపిక. ఆ తర్వాత మరుగుకీ ఈస్టుకీ మధ్య గడిచే కాలాన్ని తగ్గించే సరంజామా. ఖరీదైన స్టీలు పాత్రలు, డిజిటల్ మీటర్లు వీటన్నిటి తర్వాతే. పాత ఈస్టుతో మెరిసే పాత్రలో కాచిన బీరు కంటే, తాజా ఈస్టుతో గీతలు లేని మామూలు ప్లాస్టిక్ డబ్బాలో కాచిన బీరే శుభ్రంగా వస్తుంది.